కాటా ఆగకూడదు: భీమవరం దగ్గర ఒక రొయ్యల కంపెనీ, మొంథా తుఫాను, మా డీఆర్ (డిజాస్టర్ రికవరీ) అనుభవం

2025 అక్టోబర్ 27, సోమవారం రాత్రి 11 గంటలు. భీమవరం నుంచి నరసాపురం వెళ్లే దారిలో ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కరెంటు ఉంది, నెట్ ఉంది, సర్వర్లన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి. సరిగ్గా అప్పుడే వాటిని మేమే ఆపి, కంపెనీ పని మొత్తాన్ని హైదరాబాదు డేటా సెంటర్లో ఉన్న నకలు సర్వర్ల మీదికి మార్చేశాం. మర్నాడు రాత్రి మొంథా నరసాపురానికి దగ్గర్లోనే తీరం దాటింది. నడుస్తున్న సర్వర్లని ఒక రోజు ముందే ఎందుకు ఆపామో, దానికి పది నెలలుగా ఎలా సిద్ధమయ్యామో, ఇంత చేసినా ఎక్కడ దెబ్బతిన్నామో రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. వాళ్ల అనుమతితోనే మిగతావన్నీ చెబుతున్నాను.

మాది రాజమహేంద్రవరంలో చిన్న జట్టు. రైసు మిల్లులు, ఆక్వా కంపెనీలు, కాలేజీల నెట్‌వర్కులు నెలవారీ ఒప్పందం మీద చూస్తాం. బ్యాకప్, డీఆర్ (విపత్తు వస్తే కంప్యూటర్ల పనిని వేరేచోట మళ్లీ లేపే ఏర్పాటు), తుఫాను వస్తే ఏం చెయ్యాలనే రన్‌బుక్, అన్నీ ఆ ఒప్పందంలోనే ఉంటాయి. ఈ కంపెనీకి ఒక ప్లాంటు, భీమవరంలో ఆఫీసు, నాలుగు కొనుగోలు కేంద్రాలు ఉన్నాయి. ఆ కేంద్రాల్లో ఒకటి వశిష్ఠ గోదావరి గట్టుకి కూతవేటు దూరంలో ఉంటుంది. అన్నీ కలిపి డెబ్బై కంప్యూటర్ల దాకా లెక్క తేలాయి. ప్లాంటు ఆఫీసులో కింది అంతస్తు గదిలో రెండు పెద్ద సర్వర్లు, వాటి మీద విడి కంప్యూటర్లలా నడిచే ఎనిమిది వర్చువల్ మెషీన్లు: కంపెనీ పనంతా రాసుకునే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్, దాని డేటాబేసు, లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్, ఫైల్ సర్వర్, ట్యాలీ, హాజరు, సీసీ కెమెరాలు, కోల్డ్ స్టోరేజి ఉష్ణోగ్రతలు రాసుకునే సాఫ్ట్‌వేర్.

2025 జనవరిలో మేం మొదటిసారి వెళ్లినప్పుడు, ఎప్పుడూ ఎక్కడైనా అడిగే ప్రశ్నే అడిగాను. "నాలుగు నెలల కిందటి బిల్లు ఒకటి బ్యాకప్‌లోంచి తీసి చూపించండి." రోజూ రాత్రి బ్యాకప్ అవుతోందనీ, ఉదయానికల్లా సక్సెస్ అని మెయిల్ వస్తోందనీ చెప్పారు. మెయిళ్లు నిజమే. బిల్లు మాత్రం దొరకలేదు. అంతకు ముందు ఆగస్టులో డిస్కు నిండిపోతోందని ఎవరో డేటాబేసుని కొత్త డిస్కుకి మార్చారు. బ్యాకప్ జాబు పాత ఫోల్డరునే కాపీ చేస్తూ వచ్చింది. ఆ ఫోల్డరు అక్కడే ఉంది, కాపీ అయ్యింది, కాబట్టి సక్సెస్. అలా ఐదు నెలలు ఆ కంపెనీ బ్యాకప్ లేకుండానే నడిచింది. పైగా ఆ కాపీలున్న హార్డ్ డిస్కు సర్వర్లున్న ర్యాకులోనే, అదే కింది అంతస్తులో ఉంది. ఆ ఐదు నెలల్లో డిస్కు పోయినా, గదిలోకి నీళ్లొచ్చినా సంవత్సరం లెక్కలన్నీ పోయేవి. ఇది ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. మెయిల్ చూసి ఊరుకోవడం నేను చాలా చోట్ల చూశాను. తిరిగి తీసి చూస్తేనే బ్యాకప్ ఉన్నట్టు.

కాటా దగ్గర తెలిసింది

ఏది ముందు లేవాలో తేల్చడం ఈ పనిలో మొదటి మెట్టు. ఆఫీసులో సమావేశం పెడితే అకౌంట్సు మేనేజరు గారు ట్యాలీ అన్నారు, యజమాని మెయిళ్లు అన్నారు. ఆర్టీఓ, ఆర్పీఓ అని మా భాషలో మాట్లాడితే ఇక్కడ ఆర్టీఓ అంటే రవాణా ఆఫీసే గుర్తొస్తుంది. అందుకని రెండే ప్రశ్నలు అడిగాం: ఆగితే ఎంతసేపట్లో లేవాలి? ఎంతసేపటి ఎంట్రీలు పోయినా తట్టుకోగలరు? అందరూ తమ పనే ముందన్నారు, అది సహజమే. దాంతో సమావేశం వదిలేసి ఒక రాత్రి రెండింటికి కాటా దగ్గరికి వెళ్లి నిలబడ్డాం.

చెరువు దగ్గర పట్టుబడి సాధారణంగా రాత్రో తెల్లవారుజామునో అవుతుంది. ఐసు వేసిన క్రేట్లతో బండ్లు ప్లాంటుకి వస్తాయి. కాటా మీద తూకం, శాంపిల్ తీసి కౌంటు, లాట్ నంబరు, చీటీ. కిలోకి వంద తూగితే 100 కౌంట్, నలభై తూగితే 40 కౌంట్. కౌంటు నాలుగు అటూ ఇటూ అయితే కిలో ధర మారుతుంది. అక్కడ పాతికేళ్లుగా ఉన్న సూపర్‌వైజరు గారు మాకు చెప్పిన మాట ఇది: "ఆయ్, ట్యాలీ రేపు చేసుకోవచ్చండి. మెయిలు ఎల్లుండి చూసుకోవచ్చు. ఐసులో ఉన్న రొయ్య ఆగదు కదండీ. చీటీ ఇవ్వకపోతే రైతు కదలడు. చీటీ మీద నంబరు తప్పితే మా సరుకు కదలదు."

రెండో మాటకి అర్థం లాట్ నంబరు. ఏ చెరువు, ఎప్పటి పట్టుబడి, పట్టుబడికి ముందు చేయించిన యాంటీబయోటిక్ పరీక్ష ఫలితం ఏమిటి, అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. యూరప్ కొనుగోలుదారు పెట్టె మీది నంబరు చెప్పి అడిగితే చెరువు దాకా చూపించగలగాలి. నంబరు లేకుండా రెండు లాట్లు కలిసిపోతే ఆ సరుకు బాగున్నా దాని పుట్టుక చూపించలేం.

ఆ రాత్రే ఇంకో సంగతి బయటపడింది. మా రన్‌బుక్ మొత్తాన్ని మార్చేసింది అదే. తుఫాను కబురు వస్తే ఎక్కడైనా ఆఫీసులు త్వరగా మూసేస్తారు, పని తగ్గుతుంది. రొయ్యల ప్లాంటులో దీనికి పూర్తిగా ఎదురు. తుఫాను వస్తోందంటే కరెంటు పోతుందని రైతుకి తెలుసు. కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి, చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, డీజిల్ ఇంజన్లు అందరి దగ్గరా ఉండవు. దానికి తోడు కుండపోత వానకి ఉప్పు శాతం ఒక్కసారిగా దిగుతుంది. అందుకని ఇంకో పదిహేను రోజులు పెరగాల్సిన రొయ్యని కూడా ముందే పట్టేస్తారు. ఊళ్లన్నీ ఒకేసారి పడతాయి. బండ్లు వరస కడతాయి, ధర దిగుతుంది. ధర దిగినప్పుడే కౌంటు మీద, తూకం మీద గొడవలు ఎక్కువ. కాబట్టి కాటా కంప్యూటర్ల మీద ఏడాదిలో అతి ఎక్కువ పని పడేది తుఫానుకి ముందు ముప్పై ఆరు గంటల్లో. తుఫాను ముందు జాగ్రత్తగా అన్నీ ఆపేయండి అని మా మొదటి ముసాయిదాలో రాసుకున్నాం. దాన్ని చించేశాం.

చివరికి తేలిన వరస ఇది. కాటా, లాట్ డేటా ఒక్క క్షణం కూడా ఆగకూడదు, ఐదు నిమిషాలకి మించి ఎంట్రీ పోకూడదు. మిగతా ఈఆర్‌పీ అరగంటలో లేవాలి. ఎగుమతి పత్రాల ఫైళ్లు నాలుగు గంటల్లో. ట్యాలీ ఒక రోజు. హాజరు రెండు రోజులు, ఆలోగా పుస్తకంలో సంతకాలు. కెమెరాలు డీఆర్‌లోకి అసలు రావు. కోల్డ్ స్టోరేజి ఉష్ణోగ్రతల సాఫ్ట్‌వేర్‌ని ట్యాలీ పక్కన పెట్టాం. అది మా తప్పు, దాని సంగతి కింద వస్తుంది.

నకలు, తీగలు, పుస్తకాలు

నకలు పెట్టే చోటు మన తీరానికి దూరంగా, ఇదే తుఫాను తగలని చోట ఉండాలి. విశాఖ, కాకినాడ వద్దనుకున్నది అందుకే. హైదరాబాదు తీసుకున్నాం. అక్కడి మెషీన్లు మామూలు రోజుల్లో ఆపే ఉంటాయి, నిల్వకి మాత్రం డబ్బు కడతాం, లేపిన రోజుకే మెషీన్ల అద్దె. యజమాని ఒప్పుకోవడానికి ఈ లెక్కే కారణం. డేటాబేసు లాగులు (మార్పుల చిట్టాలు) ఐదు నిమిషాలకోసారి, మిగతా మెషీన్ల మార్పులు పావుగంటకోసారి వెళ్తాయి.

మొదటి నకలు 1.1 టెరాబైట్లు. ప్లాంటు నుంచి పైకి పంపే వేగం 20 ఎంబీపీఎస్. ఆ లైనుని పూర్తిగా దానికే వదిలేసినా ఐదు రోజులు దాటుతుంది, ఈలోగా ప్లాంటులో ఎవరికీ నెట్ ఉండదు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో వేసుకుని కారులో హైదరాబాదు తీసుకెళ్లాం. ఆ తర్వాత రోజువారీ మార్పులే కాబట్టి లైను సరిపోయింది.

నకలు ఒక్కటే చాలదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఫైళ్లని పాడుచేస్తే పావుగంటలో ఆ పాడు కూడా నకలుకి చేరుతుంది. అందుకని ముప్పై రోజుల పాటు ఎవరూ, మా అడ్మిన్ లాగిన్ కూడా చెరపలేని కాపీ ఒకటి విడిగా పెట్టాం. సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలన్న 2022 ఏప్రిల్ నిబంధన కోసం రన్‌బుక్‌లో వేరే పేజీ ఉంది. ఈ కేసులో దాని అవసరం రాలేదు.

నెట్ లైన్లు రెండు, రెండు కంపెనీలవి. కాగితం మీద చూస్తే నిశ్చింత. మా కుర్రాడు ఒకరు ప్లాంటు గేటు నుంచి భీమవరం దాకా బండి మీద స్తంభం స్తంభం చూసుకుంటూ వెళ్లాడు. యనమదుర్రు డ్రెయిన్ వంతెన దగ్గర రెండు తీగలూ ఒకే స్తంభాల మీద ఉన్నాయి. ఒక చెట్టు కూలితే రెండూ పోతాయి. డెల్టాలో చాలాచోట్ల ఫైబరు కరెంటు స్తంభాల మీదే వేలాడుతుంది కనుక ఇలా నడిచి చూడకుండా రెండు లైన్లున్నాయని ఎవరూ నమ్మకూడదు. వేరే దారి వెంటనే దొరకలేదు. డాబా మీద యాంటెన్నాతో, రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లతో 4జీ రౌటరు పెట్టాం. అయితే సెల్ టవరు కూడా కరెంటు మీద, బ్యాటరీ మీద, డీజిల్ మీద బతికేదే.

కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రాత్రి వాచ్‌మన్ తాతగారు ఒకరున్నారు. 1996 నవంబర్ 6 తుఫాను చూసినవారు. ఆ రాత్రి తర్వాత ఎన్ని రోజులు కరెంటు లేదో, కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా ఎలా పడ్డాయో, మనుషుల్ని వెతుక్కుంటూ ఎలా తిరిగారో ఆయన చెబుతుంటే మా ప్రశ్న మారిపోయింది. కరెంటు, రెండు తీగలు, సెల్లు నాలుగూ ఒకేసారి పోతే కాటా ఎలా నడవాలి?

దానికి రెండు పొరలు వేశాం. కాటా మెషీను నుంచి వచ్చే కేబులుని నేరుగా ఒక ల్యాప్‌టాప్‌కి కలిపాం. నెట్ లేకపోయినా తూకం, కౌంటు, లాట్ ఆ ల్యాప్‌టాప్‌లోనే రాసుకుని, లైను వచ్చాక పైకి పంపుతుంది. నెట్ లేనప్పుడు రెండు కేంద్రాలు ఒకే నంబరు ఇచ్చేసే ప్రమాదం ఉంది కాబట్టి ఒక్కో కాటాకి విడి నంబర్ల వరస ముందే కేటాయించాం. రెండో పొర కాగితం. ల్యాప్‌టాప్ కూడా పోతే వాడటానికి మూడు ప్రతుల చీటీ పుస్తకాలు ప్రెస్‌లో వేయించాం. వాటి మీద ఎర్ర సిరాతో ముద్రించిన లాట్ నంబర్లు మరో వరస. ఈ ప్రాజెక్టులో అతి తక్కువ ఖర్చయింది ఈ పుస్తకాలకే. నేను అందరికంటే ఎక్కువసేపు కూర్చుని గళ్లు గీసిందీ వీటికోసమే, ఎందుకంటే చీటీలో గడి చిన్నదైతే తడి చేత్తో రాసే మనిషి దాన్ని వదిలేస్తాడు.

డ్రిల్లులు

జూన్‌లో మొదటి డ్రిల్లు. ఒక ఆదివారం ప్లాంటు సర్వర్లు ఆపేసి హైదరాబాదులో లేపాం. అరగంట అనుకున్నది 4 గంటల 10 నిమిషాలు పట్టింది. డేటా అంతా ఉంది, అడ్డం పడినవి చిల్లర విషయాలు. డొమైన్ కంట్రోలర్ కంటే ముందు ఈఆర్‌పీ లేచి లాగిన్లు దొరక్క మొరాయించింది. కాటా దగ్గర కంప్యూటర్లలో సర్వర్ పేరుకి బదులు దాని పాత ఐపీ అంకె (నెట్‌వర్కు చిరునామా) రాసి ఉంది, ఒక్కొక్క దానికీ వెళ్లి మార్చాం. లేబుల్ ప్రింటర్లదీ అదే కథ. ట్యాలీ లైసెన్సు పాత మెషీనుతో ముడిపడి ఉండి కొత్తదాని మీద తెరుచుకోలేదు. ఇవేవీ ఏ బ్యాకప్ రిపోర్టులోనూ కనబడవు.

ఆగస్టులో రెండోసారి 55 నిమిషాలు. సెప్టెంబరులో మూడోది రాత్రి షిఫ్టులో, మా మనుషులెవరూ ప్లాంటులో లేకుండా, ముందు చెప్పకుండా చేశాం: 28 నిమిషాలు. ఆ రాత్రి ఒక గంట పాటు ల్యాప్‌టాప్ కూడా తీసేసి పుస్తకాల మీదే కాటా నడిపించారు. కౌంటు రాసే అమ్మాయి ఒకామె చీటీలో రైతు సంతకం గడి లేదని అడిగింది. నిజమే, మేం మరిచిపోయాం. మళ్లీ ముద్రించాం.

ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల కంపెనీలన్నీ ఖర్చులు బిగించుకున్నాయి. సర్వర్ ర్యాకుని పై అంతస్తుకి ఎక్కించాలన్న మా సలహా అందుకే వాయిదా పడింది. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది.

అక్టోబర్ 25 నుంచి 29 దాకా

రన్‌బుక్‌లో ఎవరు ఎప్పుడు నిర్ణయం తీసుకోవాలన్నది మనిషి ధైర్యానికి వదిలెయ్యలేదు. వాతావరణ శాఖ తుఫానుకి 72 గంటల ముందు ఒక హెచ్చరిక, 48 గంటల ముందు రెండోది, 24 గంటల ముందు మూడోది ఇస్తుంది. 72కి నకళ్లు సరిచూడాలి, డీజిల్ నింపాలి. 48కి చీటీ పుస్తకాలు కాటాల దగ్గరికి చేరాలి, ఇద్దరు ఉద్యోగులు హైదరాబాదు బయలుదేరాలి. 24 రాకముందే సర్వర్లు మారిపోవాలి.

శనివారం 25న బంగాళాఖాతం కబురు మొదలైంది. ఆదివారం మధ్యాహ్నానికే బండ్లు పెరిగాయి. సోమవారం గేటు బయట రోడ్డు మీదికి వరస వచ్చింది. ఆ సాయంత్రం ప్లాంటు మేనేజరు గారికీ నాకూ ఫోనులో పెద్ద వాదనే జరిగింది. "కరెంటుంది, నెట్టుంది, ఇన్ని బండ్లున్నాయి, ఇప్పుడు సర్వర్లతో ఆటలేంటండీ? పోయాక మారుద్దాం" అన్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని. నేను చెప్పింది ఇది: ఇప్పుడు మారిస్తే చివరి ఎంట్రీ దాకా పంపించి, సరిచూసి, వరసలో ఆపుతాం, ఒక్క చీటీ పోదు. పోయాక మారిస్తే ఐదు నిమిషాల చీటీలు పోవచ్చు, అవి ఏవో చీకట్లో వెతుక్కోవాలి, లైను లేకపోతే మార్చను కూడా మార్చలేం. మారుస్తున్నంతసేపూ కాటా ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది, బండి ఆగదు. సూపర్‌వైజరు గారు ఫోను తీసుకుని "డ్రిల్లులో చూశాం కదండీ, నడుస్తుంది, కానివ్వండి" అన్నారు. మేనేజరు గారు సరేనన్నారు. ఆ ఒక్క మాట ఆ రాత్రి మూడు డ్రిల్లుల ఖర్చుకి సరిపోయింది.

11 గంటలకి మొదలుపెట్టి 24 నిమిషాల్లో ముగించాం. ఎంట్రీలేవీ పోలేదు. అంతకంటే నాకు ముఖ్యమనిపించింది మరొకటి: పని వేరేచోటికి వెళ్లిపోయింది కాబట్టి ప్లాంటు సర్వర్లని మంగళవారం ఉదయం నింపాదిగా ర్యాకులోంచి విప్పి, డిస్కులూ యూపీఎస్ బ్యాటరీలతో సహా పై అంతస్తుకి చేర్చగలిగాం. అదే సర్వర్ల మీద కాటా నడుస్తూ ఉంటే వాటిని ఎవరూ ముట్టుకోనిచ్చేవారు కాదు.

మంగళవారం పగలంతా పని హైదరాబాదు మీద నడిచింది. లేబుళ్లు కొంచెం ఆలస్యంగా పడ్డాయి, అంతే. మధ్యాహ్నం రెండింటికి ఒక ఫైబరు పోయింది. సాయంత్రం కరెంటు లైను (ఫీడరు) ఆపారు, జనరేటరు అందుకుంది. రాత్రి రాకపోకల మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది కాబట్టి కొత్త బండ్లు రావు. కానీ అప్పటికే ఆవరణలో తొమ్మిది బండ్లు ఐసుతో నిలబడి ఉన్నాయి. తొమ్మిదిన్నర దాటాక రెండో ఫైబరు పోయింది. 4జీ మీద అర్ధరాత్రి దాకా లాగింది. తీరం దాటే గాలి మొదలయ్యాక సెల్లు కూడా పోయింది. ఆ తర్వాత మర్నాడు ఉదయం పదకొండింటి దాకా రాజమండ్రిలో కూర్చున్న మాకు ప్లాంటు నుంచి ఏ కబురూ లేదు. ఆ పదకొండు గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. సర్వర్ల గురించి కాదు, అక్కడున్న మనుషుల గురించి.

ఉదయం ఫోను కలిసింది. మనుషులు క్షేమం. తెల్లవారుజాము నాలుగింటికల్లా తొమ్మిది బండ్లూ కాటా అయిపోయాయి, పదిహేడు లాట్లు, అన్నిటికీ నంబర్లు, డ్రైవర్లందరి చేతిలో చీటీలు. రేకుల షెడ్డులో వాన జల్లు కొట్టడంతో ల్యాప్‌టాప్‌ని సంచిలో చుట్టేసి చివరి మూడు బండ్లు పుస్తకం మీద రాశారు. సర్వర్ గదిలోకి నాలుగంగుళాల నీళ్లొచ్చాయి. అక్కడ ఖాళీ ర్యాకు మాత్రమే ఉంది.

దెబ్బతిన్నది రెండు చోట్ల. కోల్డ్ స్టోరేజి ఫ్రీజర్లు జనరేటరు మీద బాగానే నడిచాయి, లోపల సరుకు మైనస్ 18 దగ్గరే ఉంది. కానీ ఉష్ణోగ్రతలు చదివి పంపే చిన్న పెట్టె మామూలు ప్లగ్గుకి పెట్టి ఉంది. ఫీడరు ఆగిన నిమిషం నుంచి అది కూడా ఆగింది. ఒక రాత్రి రికార్డు లేదంటే కొనుగోలుదారు దృష్టిలో ఆ రాత్రి సరుకు కరిగిందో లేదో తెలియనట్టే. నాణ్యత విభాగంలో రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి తలుపు మీది మీటరు చూసి గంట గంటకీ పుస్తకంలో రాసి, పక్కన సంతకం పెట్టింది. ఎవరూ చెప్పలేదు, శిక్షణలో నేర్చుకున్నానంది. మా జాబితాలో ఆ పెట్టె ఉండాల్సిన చోట లేకపోయినా ఆ రాత్రిని నిలబెట్టింది ఆమె పుస్తకం.

రెండోది డిజిటల్ సంతకం. ఎగుమతి పత్రాలు చూసే ఇద్దరినీ హైదరాబాదు పంపాం, వాళ్లకి ఫైళ్లన్నీ అందాయి, పత్రాలన్నీ తయారుచేశారు. సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్ మాత్రం భీమవరం ఆఫీసులో అకౌంటెంటు గారి సొరుగులో ఉండిపోయింది. ఆయన పాలకొల్లులో, రోడ్డు మీద చెట్లు. ఒకటిన్నర రోజు పత్రాలు ఆగాయి. టెరాబైటు డేటా హైదరాబాదులో సిద్ధంగా ఉండే ఏర్పాటు చేసుకుని, బొటనవేలంత టోకెన్‌ని మరిచిపోయాం.

వెనక్కి రావడం

31న కరెంటు వచ్చింది. వెంటనే ప్లాంటుకి వచ్చేయమన్నారు, మేం ఒప్పుకోలేదు. వెనక్కి రావడంలోనే డేటా ఎక్కువగా పోతుంది, ఎందుకంటే అందరూ అలసిపోయి ఉంటారు, ప్రమాదం దాటేసిందనుకుంటారు. గది ఆరనిచ్చాం, వైర్లు పరీక్షించాం, ఓల్టేజి రెండు రోజులు చూశాం. హైదరాబాదులో జరిగిన మార్పులన్నీ ప్లాంటుకి తిరిగి నింపి, నవంబర్ 2 ఆదివారం రాత్రి మార్చాం.

అప్పుడు మూడు లాట్లు రెండేసి సార్లు కనబడ్డాయి. ల్యాప్‌టాప్ పైకి పంపినవాటినే ఒకరు శ్రద్ధ కొద్దీ మళ్లీ చేత్తో ఎక్కించారు. నంబర్లు వేరు, రైతు ఒకడే, బరువు ఒకటే. డబ్బు చెల్లింపు దాకా వెళ్లకముందే దొరికింది. ఎర్ర సిరా పుస్తకాలు ముందు పెట్టుకుని కాటా వాళ్లే ఒక పూటలో సరిచేశారు. పుస్తకంలోవి ఎక్కించేది ఒక్కరే, అది కూడా ల్యాప్‌టాప్ పంపడం పూర్తయిందని మేం చెప్పాకే అని ఇప్పుడు రాసుకున్నాం.

ఆ తర్వాత మార్చినవి ఎక్కువేం లేవు. ర్యాకు పై అంతస్తుకి వెళ్లింది, ఈసారి ఎవరూ ఖర్చు అడగలేదు. ఉష్ణోగ్రత పెట్టెకి జనరేటరు లైను, సొంత బ్యాటరీ ఇచ్చి, దాన్ని జాబితాలో కాటా పక్కనే పెట్టాం. సంతకం చేసే అధికారం ఇంకొకరికి, రెండో టోకెన్‌తో. హైదరాబాదు వెళ్లే మనిషి దాన్ని చేతికి తీసుకున్నట్టు సంతకం పెట్టాకే బస్సెక్కాలి. వంతెన దగ్గర ఒక ఫైబరుకి వేరే దారి కోసం ఇంకా తిరుగుతున్నాం.

వశిష్ఠ గట్టు దగ్గరి కేంద్రానికి వేరే రన్‌బుక్ రాశాం. దానికి ముప్పు సముద్రం కంటే నది నుంచే ఎక్కువ. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. మొదటిదానికి పుస్తకాలు, రెండోదానికి కాటా మెషీను, ల్యాప్‌టాప్ బండెక్కించి ప్లాంటుకి. మూడోదానికి అక్కడ ఎవరూ ఉండకూడదు. 2022 జులైలో ఆ గట్టు మీద నీళ్లు చూసినవాళ్లు ఈ పేజీ మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

తర్వాతి డ్రిల్లు వానలకి ముందు, మే నెలలో. చీటీ పుస్తకాలు ఈసారి తడిసినా చిరగని కాగితం మీద వేయించమని సూపర్‌వైజరు గారు అడిగారు. రెండు రకాల కాగితాలు తెచ్చి కాటా దగ్గర నీళ్లలో ముంచి చూశాం. మందంగా ఉన్నదాని మీద బాల్ పెన్ను సరిగ్గా పడటం లేదు. ఇంకో రకం తెప్పిస్తున్నాం.